దుమ్ము పడని, వాసనలు పడని అతిథికి గోదావరి డెల్టాలో గది సిద్ధం చెయ్యడం ఎలా?

కోనసీమలో, నరసాపురం వైపు, భీమవరం చుట్టుపక్కల ఇళ్లని రోజుల లెక్కన అద్దెకిచ్చేవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. “బుక్ చేసుకునేవాళ్లు డస్ట్ ఎలర్జీ అంటున్నారు, సెంటు వాసనలు పడవంటున్నారు. గది శుభ్రంగానే ఉంది, ఏసీ ఉంది. ఇంకేం చెయ్యాలి?”

చెయ్యాల్సినదాంట్లో సగం, ఇప్పుడు చేస్తున్నవి మానెయ్యడమే. చుట్టాలొస్తున్నారంటే సాంబ్రాణి వేస్తాం, ఫినాయిల్‌తో తుడుస్తాం, బాత్‌రూంలో ఫ్రెష్‌నర్ తగిలిస్తాం, దుప్పట్లకి కండిషనర్ పెడతాం. ఆస్తమా ఉన్న మనిషికి ఈ మర్యాదలే ఆ రాత్రి నిద్ర లేకుండా చేస్తాయి. మిగతా సగం చెమ్మతో పోరాటం. మన నేలలో చెమ్మ, గాలిలో చెమ్మ. డస్ట్ మైట్లు అనే కంటికి ఆనని పురుగులకీ, బూజుకీ అదే ప్రాణం. హైదరాబాద్ ఇంటికి రాసిన సలహాలు ఇక్కడ సరిగ్గా పనిచెయ్యకపోవడానికి కారణం కూడా ఇదే.

ఒక మాట ముందే చెప్పాలి. ఏ ఇంటినీ “నూటికి నూరు శాతం ఎలర్జీ లేని ఇల్లు” చెయ్యలేం, ప్రకటనలో అలా రాయకూడదు కూడా. ఏం తీసేశారో, ఏం వాడుతున్నారో, చుట్టుపక్కల ఏముందో ఉన్నదున్నట్టు చెప్పగలిగితే చాలు. రావాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు.

కావలసినవి (ఇద్దరు పడుకునే ఒక గదికి)

- డిజిటల్ హైగ్రోమీటర్లు 2. గాలిలో తేమ శాతం చూపించే చిన్న మీటర్లు, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతాయి.
- పరుపుకి, ఒక్కో దిండుకి ఆరు వైపులా మూసుకునే జిప్పు కవర్లు. బట్ట రంధ్రం 10 మైక్రాన్లకి మించకూడదు. “వాటర్‌ప్రూఫ్” అని మాత్రమే రాసి, పైన ఎలాస్టిక్‌తో తొడిగేవి ఈ పనికి రావు.
- నూలు దుప్పట్లు, గలీబులు మూడేసి జతలు. ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి మూత ఉన్న డబ్బాలో.
- చాకలి సోడా ఒక కిలో, వంట సోడా అర కిలో, నిమ్మ ఉప్పు పావు కిలో.
- పరిమళం కలపని బట్టల సబ్బుపొడి లేదా లిక్విడ్. పసిపిల్లల బట్టలకని అమ్మేవాటిలో వెతకండి, కానీ లేబుల్ చదవకుండా కొనకండి. ఆ సంగతి కింద ఉంది.
- మైక్రోఫైబర్ గుడ్డలు 10, తడి మాపు ఒకటి. ఇవి ఈ గదికే వాడాలి.
- కిటికీలకి దోమల మెష్, మంచానికి ఉతకగలిగే దోమతెర.
- బూజు తీసేటప్పుడు వేసుకోవడానికి ఎన్95 మాస్కు, రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు.
- బొద్దింకల జెల్ ఒక ట్యూబు.

సున్నమో రంగో వెయ్యాల్సి వస్తే కనీసం నాలుగు వారాలు చేతిలో పెట్టుకోండి. లేకపోతే మూడు వారాల్లో అవుతుంది. రేపు వచ్చే అతిథి కోసం ఇవాళ మొదలుపెడితే మాత్రం కుదరదు. అలాంటప్పుడు “మా ఇల్లు మీకు సరిపడదు” అని చెప్పడమే మర్యాద.

1. సరైన గదిని ఎంచుకోండి

ఇల్లంతా మార్చనక్కర్లేదు, ఒక గదీ దాని బాత్‌రూమూ చాలు. కాకపోతే ఆ గది గాలి మిగతా ఇంటితో కలవకూడదు. మండువా లోగిలి ఎంత అందంగా ఉన్నా, వంటింటి తాలింపూ దేవుడి గదిలో అగరబత్తీ మండువా మీదుగా గదులన్నిట్లోకీ వస్తాయి. మేడ మీద విడిగా మెట్లున్న పోర్షన్ మంచిది. నేల చెమ్మ అంతదాకా ఎక్కదు.

పెంకుటింటి గదిని, కప్పు కింద తాటాకు చాపో గుడ్డో కట్టిన గదిని వదిలెయ్యండి. పైనుంచి దుమ్ము రాలుతూనే ఉంటుంది, చాప వెనక ఎలుకలు, బల్లులు చేరతాయి. రైస్ మిల్లు, ధాన్యం ఆరబోసే కళ్లం, కొబ్బరి పీచు ఆడే యూనిట్, ఎండుచేపలు ఆరబెట్టే చోటు ఇంటికి గాలివాటులో ఉంటే అది మీరు మార్చగలిగేది కాదు. ప్రకటనలో రాయాల్సిందే. కుక్కో పిల్లో తిరిగిన గదైతే, ముఖ్యంగా పిల్లి తిరిగినదైతే, దాని ఎలర్జీ కారకాలు కడిగాక కూడా నెలల తరబడి ఉంటాయి. వేరే గది చూసుకోండి.

2. చెమ్మని కొలవండి, తరవాతే ఖర్చు పెట్టండి

ముందు మీటర్ నిజం చెబుతోందో లేదో తేల్చుకోండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దలా అయ్యేంత వరకే నాలుగైదు చుక్కల నీళ్లు కలపండి. ఆ మూతనీ మీటర్‌నీ ఒకే జిప్పు కవర్లో, ఒకదానికొకటి తగలకుండా పెట్టి మూసి, రాత్రంతా ఏసీ లేని చోట వదిలెయ్యండి. పొద్దున్నకి 75 శాతం చూపించాలి. 71 చూపిస్తే ఆ మీటర్ 4 తక్కువ చెబుతోందన్నమాట, చూసిన ప్రతిసారీ 4 కలుపుకోండి.

తరవాత ఒక మీటర్ మంచం దగ్గర, రెండోది అలమారా లోపల పెట్టి, వారం రోజులు పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి రాసుకోండి. గది 60 శాతం లోపు ఉండాలి, 50 దగ్గర నిలిస్తే మైట్లు బతకడం కష్టం. అలమారాలో అంకె గదికంటే బాగా ఎక్కువ ఉంటే దాని వెనక గోడ చెమ్మగా ఉందని అర్థం. బయటి గోడకి ఆనించిన బీరువాలన్నీ నాలుగు అంగుళాలు ముందుకి జరపండి.

గోడ మీద మరక ఉంటే చెమ్మ ఎటునుంచి వస్తోందో తెలుసుకోవడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ ముక్క తీసుకుని నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించండి. రెండు రోజుల తరవాత చూడండి. నీటి బొట్లు పాలిథిన్ వెనక, గోడ వైపు ఉంటే గోడే తడిగా ఉంది: శ్లాబు కారుతోంది, బాత్‌రూం పైపు ఊరుతోంది, లేదా పునాదినుంచి నీరు పైకెక్కుతోంది. గోడ కింది రెండు మూడు అడుగుల్లో తెల్లటి ఉప్పు పూత కనిపిస్తే అది పునాది చెమ్మే. బొట్లు గది వైపు ఉంటే గోడ తప్పేమీ లేదు, గది గాలిలోనే తేమ ఎక్కువ.

మొదటిదానికి మేస్త్రీ కావాలి. పునాది చెమ్మ ఉన్న గోడకి పుట్టీ, ప్లాస్టిక్ పెయింట్ వేస్తే ఆరు నెలల్లో పొక్కులు లేస్తాయి, వెనక బూజు పెరుగుతుంది. చెమ్మ ఆపే పని చేయించాక సున్నం వేయించండి. సున్నానికి గోడ ఊపిరి పీల్చుకుంటుంది, దాని క్షారానికి బూజు తొందరగా పట్టదు.

రెండోదానికి మార్గాలు మూడు.

- ఏసీలో “డ్రై” మోడ్. చిన్న గదికి పెద్ద ఏసీ పెట్టడం ఇక్కడ చాలామంది చేసే తప్పు. 10×10 గదికి ఒకటిన్నర టన్ను పెడితే ఐదు నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది, తేమ అలాగే ఉండిపోతుంది. గది చల్లగా ఉండి దుప్పటి జిడ్డుగా తగిలితే కారణం అదే.
- డీహ్యూమిడిఫయర్, అంటే గాలిలోని తేమని నీళ్లుగా లాగే యంత్రం. 12×12 గదికి రోజుకి 12 లీటర్లు, అంతకు మించి లాగేది తీసుకోండి. ట్యాంకు ఒలకబోసే పని అతిథికి పెట్టకుండా పైపు బాత్‌రూంలోకి వదలండి. అది నడిచినంతసేపూ గది కొద్దిగా వేడెక్కుతుంది కనక అతిథి రాకముందు, బయటికి వెళ్లినప్పుడు నడపండి.
- ఖర్చు లేనిది: కిటికీలు తెరిచే వేళ మార్చుకోవడం. తెల్లవారుజామున తలుపులన్నీ బార్లా తెరవడం మనకి అలవాటు, కానీ తేమ ఎక్కువగా ఉండేది అప్పుడే. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్యలో తెరవండి. ముసురు పట్టిన రోజున అసలు తెరవకండి.

బాత్‌రూం ఎగ్జాస్ట్ ఫ్యాను స్నానమయ్యాక కూడా అరగంట తిరగాలి. ఏసీ ఫిల్టర్లని 15 రోజులకొకసారి ఉత్త నీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరాకే పెట్టండి. ఏసీ వేసిన మొదటి నిమిషంలో పుల్లటి వాసన వస్తే లోపలి కాయిల్‌కీ నీళ్ల ట్రేకీ బూజు పట్టింది, సర్వీసు చేయించండి. వచ్చే మెకానిక్‌కి సువాసన స్ప్రే కొట్టవద్దని ముందే చెప్పండి, అడగకుండానే కొట్టేస్తారు.

3. బూజు తీయడం

మొత్తం కలిపి పది చదరపు అడుగుల లోపు ఉంటే మీరే తీయొచ్చు. అంతకంటే ఎక్కువుంటే ఆ గదిని పక్కన పెట్టి పనివాళ్లని పెట్టండి. మాస్కు, తొడుగులు, అద్దాలు వేసుకుని, గది తలుపు మూసి కిటికీ తెరవండి. ఎండు చీపురుతో ఎప్పుడూ గీకకండి, బూజు ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది. ముందు తడపండి, సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి రుద్దండి, గుడ్డతో తుడవండి, ఆ గుడ్డ పారెయ్యండి. తరవాత ఫ్యాను పెట్టి రెండు రోజులు ఆరనివ్వండి. తడి గోడ మీద రంగు వేస్తే మళ్లీ మొదటికొస్తారు.

బ్లీచింగ్ పౌడర్ వాడక తప్పకపోతే అతిథి రావడానికి కనీసం వారం ముందు వాడి, రెండు మూడుసార్లు కడగండి. దాన్ని టాయిలెట్ యాసిడ్‌తో గానీ, వెనిగర్‌తో గానీ, నిమ్మ ఉప్పుతో గానీ కలపకండి. ఒకటి వాడి, కడగకుండా రెండోది పోసినా అంతే. క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్‌రూంలో ప్రాణం మీదికొస్తుంది.

వరద నీళ్లు వచ్చిన ఇల్లయితే తడిసిన పరుపులు, ప్లైవుడ్, అట్టపెట్టెలు బాగుచెయ్యాలని చూడకండి. తడిసిన ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది.

4. పడక: అన్నిటికంటే ఎక్కువ శ్రమ ఇక్కడే పెట్టండి

మనిషి ఎనిమిది గంటలు ముఖం ఆనించేది దిండుకే. ఇక్కడ అజాగ్రత్తగా ఉండి గోడలు ఎంత కడిగినా ఉపయోగం లేదు.

బూరుగుదూది పరుపులు, దిండ్లు, పాతచీరలతో కుట్టిన బొంతలు ఆ గదిలోంచి తీసెయ్యండి. అవి ఉతకడానికి కుదరవు, ఏకిన ప్రతిసారీ దుమ్మే. కొబ్బరిపీచు పరుపు మన ప్రాంతపు వస్తువే, గట్టిగా, చల్లగా ఉంటుంది. కానీ చెమ్మ పట్టిన గదిలో అది తేమ పీల్చుకుంటుంది, పీచు పొడి రాలుతుంది. పైగా పీచుని అతికించేది రబ్బరు పాలతో, కాబట్టి లేటెక్స్ పడనివాళ్లకి అస్సలు కుదరదు. నాలుగు నుంచి ఆరు అంగుళాల మామూలు ఫోమ్ పరుపు, దానికి జిప్పు కవరు, ఇదే నమ్మకమైన పద్ధతి. కొత్త ఫోమ్‌కి ఘాటు వాసన ఉంటుంది. ప్లాస్టిక్ తొడుగు విప్పేసి, గాలి ఆడే వేరే గదిలో రెండు మూడు వారాలు నిలబెట్టి ఉంచండి. వాసన పోకముందే జిప్పు కవరు తొడిగితే లోపలే ఉండిపోతుంది.

కవరు తొడిగాక జిప్పు చివర, చిన్న సందు మిగిలే చోట, బట్ట టేపు అంటించండి. చాలా కవర్లలో పురుగులు బయటికొచ్చే దారి అదే. కవరు మీద మామూలు దుప్పటి, దాని మీద పల్చటి కప్పుకునే దుప్పటి. ఉన్ని రగ్గులు వద్దు. చలికాలంలో రెండు నూలు దుప్పట్లు ఇవ్వండి.

ఉతకడంలో ముఖ్యమైనది వేడి. మైట్లు చావాలంటే నీళ్లు 55 నుంచి 60 డిగ్రీలు ఉండాలి. మెషీన్‌లో హీటర్ ఉంటే 60 పెట్టండి. లేకపోతే ఇలా చెయ్యండి: పెద్ద టబ్బులో పది లీటర్ల కుళాయి నీళ్లు పోసి, వాటిలో పది లీటర్ల మరుగుతున్న నీళ్లు జాగ్రత్తగా కలపండి. 60 దాటుతుంది. వంటింటి థర్మామీటర్‌తో చూసుకుని దుప్పట్లు ముంచి, కర్రతో అదిమి, మూత వేసి అరగంట ఉంచండి. తరవాత మెషీన్‌లో మామూలుగా తిప్పి, జాడింపు ఒకటి అదనంగా పెట్టండి. ముదురు రంగు దుప్పట్లు ఈ వేడికి వెలుస్తాయి, అందుకని తెల్లవో లేత రంగువో కొనండి.

ఆరెయ్యడం ఎండలోనే, కానీ ఎక్కడ అనేది చూడాలి. నూర్పిళ్ల రోజుల్లో పొలం పక్క దండెం మీద ఆరేసిన దుప్పటి ఊక దుమ్ముతో లోపలికొస్తుంది. కొబ్బరి చెట్ల కింద పుప్పొడి రాలుతుంది. సార్వా (ఖరీఫ్ వరి) కోతలప్పుడు, దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు, పక్కవాళ్లు గడ్డి తగలబెట్టే రోజున మేడ మీద రేకుల గదిలోనో, ఫ్యాను కిందో ఆరబెట్టుకోండి.

మిగతా గదిలో: తివాచీలు, సోఫా, గుడ్డ బొమ్మలు, ప్లాస్టిక్ పూలు, పాత పుస్తకాల దొంతరలు తీసెయ్యండి. కర్టెన్లు పల్చటి నూలువి, నెలకోసారి ఉతకగలిగేవి. మంచం కింద ఏమీ దాచకండి. సీలింగ్ ఫ్యాను రెక్కల పైభాగం తడి గుడ్డతో తుడవడం చాలామంది మర్చిపోతారు. అతిథి స్విచ్ వెయ్యగానే ఆ దుమ్మంతా మంచం మీదే పడుతుంది.

5. వాసనలు తీసెయ్యడం

ఈ గదిలోంచి, దానికి గాలి తగిలే చోటునుంచి బయటికి పంపాల్సినవి: రూం ఫ్రెష్‌నర్లు, బాత్‌రూం బిళ్లలు, ఫినాయిల్, అగరబత్తీ, సాంబ్రాణి, కర్పూరం, కలరా ఉండలు, దోమల చుట్టలు, ప్లగ్‌లో పెట్టే దోమల లిక్విడ్, సెంటు సబ్బులు, పౌడరు, బట్టల కండిషనర్.

వీటిలో మొండిది కలరా ఉండల వాసన. చెక్క బీరువాలో ఏళ్ల తరబడి పెట్టి ఉంటే తీసేసిన నెల తరవాత కూడా కొడుతుంది. అది వాసనతో పోయే గొడవ కూడా కాదు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలని కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండడం) ఉన్నవాళ్లకి, ముఖ్యంగా పసిపిల్లలకి, ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ వల్ల రక్తకణాలు చితికిపోతాయి. బీరువా తలుపులు తీసి ఎండలో పెట్టండి, సోడా నీళ్లతో తుడవండి, మళ్లీ ఎండబెట్టండి. రెండు వారాలకీ పోకపోతే ఆ బీరువాని గది దాటించి, ఇనుప స్టాండు పెట్టండి. అందులో దాచిన దుప్పట్లనీ వాడకండి.

వాషింగ్ మెషీన్ కూడా సెంటు పట్టి ఉంటుంది. బట్టలు లేకుండా, కప్పు చాకలి సోడా వేసి, అన్నిటికంటే వేడి నీళ్ల సైకిల్ రెండుసార్లు తిప్పండి. పౌడరు పోసే అరని బయటికి లాగి బ్రష్‌తో కడగండి, జిగురంతా అక్కడే ఉంటుంది. ఇంటి బట్టలకి కండిషనర్ వాడుతూ అతిథి దుప్పట్లు అదే మెషీన్‌లో వేస్తే ఈ పనంతా వృథా. ఇల్లంతా మానలేకపోతే అతిథి బట్టలకి విడిగా టబ్బు పెట్టుకోండి. చాకలికో లాండ్రీకో మాత్రం వెయ్యకండి. పదిళ్ల బట్టలతో కలిసి సెంటు పట్టుకొస్తాయి.

లేబుల్ చదవడం: “ఫ్రాగ్రెన్స్ ఫ్రీ” అంటే పరిమళం కలపలేదని. “అన్‌సెంటెడ్” అంటే వాసన తెలియనివ్వదని మాత్రమే, అసలు వాసనని కప్పెయ్యడానికి వేరే పరిమళం కలిపి ఉండొచ్చు. వెనక జాబితాలో ఫ్రాగ్రెన్స్, పర్‌ఫ్యూమ్, పార్ఫమ్ అన్న మాటలు కనిపిస్తే పక్కన పెట్టండి. “సహజం”, “హెర్బల్” అన్న మాటలకి పడిపోకండి. నిమ్మగడ్డి నూనె, వేపనూనె, లావెండర్ కూడా వాసనలే. నిమ్మ, లావెండర్ నూనెల్లో ఉండే లిమొనీన్, లినలూల్ గాలి తగిలి మారాక చర్మానికి ఎలర్జీ తెస్తాయి.

వాటి బదులు వాడాల్సినవి:

- నేలకి: ఐదు లీటర్ల వేడినీళ్లలో ఒక పెద్ద చెంచా చాకలి సోడా. ఎక్కువేస్తే తెల్లటి పొర కడుతుంది. పాలిష్ రాళ్లకి ఉత్త నీళ్లు చాలు.
- టాయిలెట్‌కి: రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు చల్లి, గంట ఆగి రుద్దడం.
- ఫ్రిజ్, అలమారాల్లో: గిన్నెలో వంట సోడా.
- బట్టలకి: కుంకుడుకాయ రసం కూడా పనిచేస్తుంది, బాగా జాడిస్తే వాసన ఉండదు. కాయలు దంచేది మాత్రం ఆ గదికి దూరంగా, దాని పొడి కళ్లనీ ముక్కునీ మండిస్తుంది.

దోమల సంగతి. డెల్టాలో దోమల మందు మానేసి ఊరుకోలేం. కిటికీలకి, వెంటిలేటర్లకి, బాత్‌రూం ఎగ్జాస్ట్ కంతకి కూడా మెష్ కొట్టించండి. తలుపుకి స్ప్రింగుతో మూసుకునే మెష్ తలుపు ఉండాలి. సెప్టిక్ ట్యాంకు గొట్టం చివర మెష్ కట్టండి. పొద్దువాలే వేళకి అరగంట ముందే తలుపులు మూసెయ్యండి. లోపలికొచ్చినవాటికి బ్యాటు, పడుకునేటప్పుడు మందు పూయని దోమతెర. దోమతెర కూడా దుప్పటితో పాటే ఉతకాలి.

ఇక మనుషులు. గది తుడిచే ఆమెకి, మీకు, తాళాలిచ్చే అబ్బాయికి ఆ రోజు సెంటు, పౌడరు, వాసన నూనె వద్దు. తల్లో మల్లెపూలు కూడా గది బయటే. “అమ్మా, వచ్చేవాళ్లకి ఊపిరాడదు, ఈ నాలుగు రోజులూ” అని కారణం చెబితే ఎవరూ కష్టపెట్టుకోరు. కడియం పూలతో స్వాగతం చెప్పాలన్న సరదా వేరే అతిథులకి దాచుకోండి. ఆహ్వానానికి మామిడాకుల తోరణం చాలు.

6. బొద్దింకలు, వంటిల్లు

బొద్దింకల మలం, రాలిన పెంకులు కూడా ఆస్తమాని రేపుతాయి. స్ప్రే కొట్టకండి. జెల్‌ని కందిగింజంత చుక్కలుగా సింకు కింద, ఫ్రిజ్ వెనక, అలమారా తలుపు మడతల దగ్గర పెట్టండి. జెల్ పెట్టిన చోట స్ప్రే కొడితే అవి ఆ దరికి రావు, జెల్ తినవు. రెండు వారాల తరవాత ఆ చోట్లన్నీ తడి గుడ్డతో తుడవండి, చచ్చినవి ఉండిపోతే ఎలర్జీ కూడా ఉండిపోతుంది.

భోజనం మీరే పెడుతుంటే ఒక విషయం గుర్తుపెట్టుకోండి. డస్ట్ మైట్లు, బొద్దింకలు, రొయ్యలు, పీతలు, వీటన్నిట్లో ట్రోపోమయోసిన్ అనే ఒకే జాతి ప్రోటీన్ ఉంటుంది. అందుకే దుమ్ము పడనివాళ్లలో కొందరికి రొయ్యలు కూడా పడవు. తినకపోయినా, రొయ్యలు ఉడికే ఆవిరికే ఆయాసం వచ్చేవాళ్లున్నారు. అతిథి రొయ్యలు పడవన్నారంటే ఆ రోజుల్లో ఆ పొయ్యి మీద రొయ్యల వేపుడు వద్దు. విడిగా మూకుడు, గరిటె, చాకు, కోత పలక పెట్టండి. రొయ్యలు వేపిన నూనెలో గారెలు వెయ్యకండి, వడకట్టినా ఆ ప్రోటీన్ పోదు.

గోధుమ పడనివాళ్లకి పొడి ఇంగువ కూడా చూడాలి, చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు. పూతరేకుల్లో నెయ్యి, జీడిపప్పు ఉంటాయని ముందే చెప్పండి. ప్యాకెట్ల మీద గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యల జాతి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, సోయా, సల్ఫైట్లు ఉంటే రాయాలని 2020 లేబులింగ్ నిబంధనలు చెబుతాయి. ఆ జాబితాలో నువ్వులు లేవు, కాబట్టి నువ్వుల సంగతి పదార్థాల వరసలో మీరే వెతుక్కోవాలి.

7. గాలి శుద్ధి యంత్రం అవసరమా?

పై పనులన్నీ అయ్యాక ఉంటే మంచిదే, వాటికి బదులుగా మాత్రం పనిచెయ్యదు. 12×10 గది, పదడుగుల ఎత్తు ఉంటే సీఏడీఆర్ (యంత్రం శుభ్రం చేసి వదిలే గాలి లెక్క, పెట్టె మీద రాసి ఉంటుంది) గంటకి 170 ఘనపు మీటర్లకి తగ్గకూడదు. హెపా ఫిల్టర్ దుమ్ముకి, బొగ్గు ఫిల్టర్ వాసనకి. అయొనైజర్, ఓజోన్ మీట ఉంటే ఆపెయ్యండి, ఓజోన్ ఊపిరితిత్తులకి హాని.

8. అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

మీ ముక్కుని నమ్మకండి. రోజూ పీల్చే వాసన మనకి తెలియదు. గదిని పన్నెండు గంటలు పూర్తిగా మూసి ఉంచి, ఆ ఇంట్లో ఉండని, సెంటు వాడని మనిషిని తలుపు తీసి లోపలికి వెళ్లమనండి. మొదటి రెండు ఊపిరుల్లో ఏం తెలిసిందో అదే లెక్క.

బట్టలకి సీసా పరీక్ష: కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో గలీబు కుక్కి మూత పెట్టి, గంట ఎండలో ఉంచండి. మూత తీసి వాసన చూడండి. సబ్బు, సెంటు ఏ మాత్రం ఉన్నా బయటపడుతుంది. కొత్త దుప్పట్లు మూడు ఉతుకులయ్యాక గానీ ఈ పరీక్ష నెగ్గవు.

దుమ్ముకి: రాత్రి లైట్లార్పి, టార్చిని నేలకి, అలమారా పైకి ఏటవాలుగా వెయ్యండి. తలుపుల పై అంచు, స్విచ్ బోర్డు, మంచం తలవైపు చెక్క తెల్లగుడ్డతో తుడిచి చూడండి. చెమ్మకి: చివరి మూడు రోజుల అంకెలు 60 దాటకూడదు. ఒక పూట దాటితే గాబరా వద్దు, రోజంతా దాటి ఉంటే అతిథికి చెప్పండి.

అతిథికీ అతిథికీ మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉంచండి. ముందు వచ్చినవాళ్లు సెంటు వాడేవాళ్లయితే రెండు రోజులు. ఈ గదిలో దిగేవాళ్లందరినీ సెంటు, అగరబత్తీ వాడవద్దని బుకింగ్‌లోనే కోరండి. లేకపోతే ప్రతిసారీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

9. అతిథితో ముందుగా మాట్లాడాల్సింది

“మీకు ఏవి పడవు? దుమ్మా, బూజా, వాసనలా, తిండా? ఏ వాసనలు ఎక్కువ ఇబ్బంది?” అని అడగండి. తరవాత మీ సంగతి ఇలా రాయండి:

“నమస్తే అండీ. ఈ గదిలో అగరబత్తీ, ఫ్రెష్‌నర్, ఫినాయిల్, దోమల మందు వాడం. పరుపుకీ దిండ్లకీ జిప్పు కవర్లున్నాయి. దుప్పట్లు 60 డిగ్రీల నీళ్లలో, పరిమళం లేని సబ్బుతో ఉతుకుతాం. సబ్బు పేరు, లేబుల్ ఫొటో పంపుతున్నాం. ఈ వారం గదిలో తేమ 52 నుంచి 58 శాతం. ఇంటికి రెండు వందల గజాల్లో వరి పొలం ఉంది, వచ్చే వారం కోతలు. మీరు వాడే సబ్బు, దిండు తెచ్చుకుంటే ఇంకా మంచిది.”

తేదీల విషయంలో మొహమాటపడకండి. సంక్రాంతికి భీమవరం చుట్టూ గదులకి మంచి గిరాకీ ఉంటుంది, కానీ భోగి తెల్లవారుజామున వీధి వీధినా మంటలే. ఆస్తమా ఉన్నవాళ్లకి ఆ రాత్రి వద్దని చెప్పండి. సార్వా కోతలు, దాళ్వా కోతలు, గడ్డి కాల్చే రోజులు, దీపావళి, వీటిని కూడా చెప్పండి. సముద్రం ఒడ్డు ఊళ్లలో సరుగుడు తోటలు పూతకొచ్చినప్పుడు పుప్పొడి ఎగురుతుంది. ఇంటి చుట్టూ వయ్యారిభామ ఉంటే పూత పట్టకముందే, చేతి తొడుగులు వేసుకుని, వేళ్లతో సహా పీకించండి.

గదిలో గోడకి ఒక కాగితం అంటించండి: ఇంటి పూర్తి చిరునామా, దారి గుర్తులు, దగ్గరి ఆసుపత్రికి ఎంత దూరం, రాత్రి మీ ఫోన్ నంబరు, 108. లంక ఊళ్లలో గానీ, సఖినేటిపల్లి రేవు దగ్గర గానీ ఇల్లుంటే, రాత్రిపూట పంటు (రేవు దాటించే పడవ) లేకపోతే ఏ వంతెన మీదుగా, ఎంతసేపట్లో చేరతారో బుకింగ్‌కి ముందే రాయండి. వచ్చాక గది పడలేదని అతిథి గంటలోపు చెబితే వాదించకుండా డబ్బు తిరిగిచ్చేస్తామని కూడా ఆ సందేశంలోనే రాసి పెట్టండి. ఇబ్బంది పడుతూనే మొహమాటానికి రాత్రంతా ఆ గదిలోనే ఉండిపోయేవాళ్లుంటారు. ఆ ఒక్క వాక్యం ఉంటే వాళ్లు నోరు విప్పి చెబుతారు.